బండి నడిపిన మనిషి

తణుకు నుంచి కారు చూడటానికి మనుషులొస్తున్నారని ముందురోజు సాయంత్రమే కబురొచ్చింది. అందుకని విశ్వనాథరాజు పొద్దున్నే లేచి, కారు మీద కప్పిన పరదా తనే తీసి, పొడిగుడ్డతో అద్దాలు తుడిచాడు. కొడుకు చైతన్య రొయ్యల చెరువుల మీద మేత వేయించడానికి వెళ్ళిపోయాడు. వెనక వసారాలో విశ్వనాథరాజు భార్య సూర్యావతి మనవరాలు హారతికి జడలు వేస్తోంది. కోడలు ఇంద్రజ వంటింట్లో పాలు పొంగిపోకుండా చూస్తూ నిలబడింది. భీమవరానికి దగ్గర్లోని ఆ ఊళ్ళో, ఆ ఇంటికి, ఇలాంటి ఉదయాలు కొత్త కాదు. వానలు తగ్గాక అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచీ కారు కోసం ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. చూసి, కాఫీ తాగి, మళ్ళీ చెప్తామని వెళ్ళిపోతున్నారు.

కారు తెల్ల ఎస్టీమ్. కొని ఇంకా రెండేళ్ళు కాలేదు. బేరాలు కుదిర్చే పెదబాబు ఈసారి ఒక రైసుమిల్లు యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఇంజను వైపు చూడనే లేదు. కుడివైపు ముందు తలుపు తెరిచి వేశాడు. చెవి ఒగ్గి మళ్ళీ వేశాడు. ఎడంవైపుకి వెళ్ళి అదీ వేసి చూశాడు. తర్వాత తలుపు అంచున ఉన్న రబ్బరు కాస్త లేపి, కింద వేలితో రాసి చూసుకున్నాడు.

"కుడిపక్క పెయింటు తర్వాత కొట్టిందేనండి. బాడీ కూడా లాగి సరిచేసినట్టున్నారు," అన్నాడు నొప్పించకుండా.

"చిన్న దెబ్బండి. షోరూమ్‌లోనే బాగుచేయించాం. ఇన్సూరెన్సువాళ్ళే కట్టారు," అన్నాడు విశ్వనాథరాజు.

"కట్టుంటారండి. బండి బాగానే నడుస్తుంది, నేను కాదనట్లేదు. రేపు నేను అమ్ముకోవాలంటే మాత్రం, వచ్చినవాడు నాలాగే తలుపు వేసి చూస్తాడు కదండీ."

మూడో వంతు తగ్గించి అడిగాడాయన. అడిగేసి, ఊరకే మాటవరసకి, "అప్పుడు ఎవరు నడిపారండి?" అన్నాడు.

"మా అబ్బాయి."

ఇంద్రజ కాఫీ పళ్ళెంతో గుమ్మం లోపల నిలబడి ఉంది. పరాయి మగవాళ్ళు కూర్చున్నప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు ముందు వసారాలోకి రారు. మామగారు లేచి వచ్చి పళ్ళెం అందుకునేదాకా గుమ్మం దగ్గరే ఆగుతారు. అబ్బాయే నడిపాడన్న మాట మొదట్లో విన్నప్పుడు ఆమె చేతిలో పని ఆగిపోయేది. ఇప్పుడు అదీ లేదు. ఎవరింట్లోనో ఎవరి గురించో చెప్పుకుంటున్నట్టు విని, పళ్ళెం అందించి లోపలికి వెళ్ళిపోయింది.

అసలు జరిగింది శ్రావణమాసంలో. పాలకొల్లులో సూర్యావతి అక్క మహాలక్ష్మమ్మ స్నానాలగదిలో జారిపడిందని, ఆసుపత్రిలో చేర్చారని ఫోనొచ్చింది. విశ్వనాథరాజు పనిమీద కాకినాడ వెళ్ళి ఉన్నాడు. చైతన్య చెరువు పట్టుబడిలో ఉన్నాడు. రొయ్యలు లారీకెక్కేదాకా గట్టు దిగే వీలు లేదు. అద్దె కారు ఒక్కటీ దొరకలేదు. సూర్యావతి కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి కోడలి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"నీకు డ్రైవింగ్ వచ్చుగా అమ్మా?"

"వచ్చండి. లైసెన్సు కూడా ఉందండి."

"మీ మావయ్యగారితో నేను చెప్పుకుంటాలే. బయల్దేరు."

ఇంద్రజ విశాఖపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు వాళ్ళ నాన్న దగ్గరుండి నేర్పించాడు. తెల్లవారుజామున బీచి రోడ్డులో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపేది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక స్టీరింగు ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ నడపమనలేదు కూడా. ఈ ఇంటి కోడళ్ళు వెనక సీట్లో కూర్చుంటారు, అంతే.

వీరవాసరం దాటాక కాలవ గట్టు రోడ్డు మలుపులో, ఐసు ఫ్యాక్టరీ వ్యాను ఒకటి ముందున్న ట్రాక్టరుని దాటబోతూ ఎదురుగా వచ్చేసింది. కళ్ళు మూసి తెరిచేలోగా అంతా అయిపోయింది. కారు కుడిపక్క నలిగిపోయింది. ఇంద్రజ కుడి మోచెయ్యి విరిగింది. సూర్యావతికి, ఆమె ఒళ్ళో ఉన్న హారతికి చిన్న గీత కూడా పడలేదు.

విశ్వనాథరాజు కాకినాడ నుంచి నేరుగా ఇంద్రజ ఉన్న ఆసుపత్రికి వచ్చాడు. మనవరాలిని ఎత్తుకుని తల, చేతులు, కాళ్ళు తడిమి చూసుకున్నాడు. తర్వాత కొడుకుని వరండా చివరికి తీసుకెళ్ళాడు. వాళ్ళ మాటలు గదిలో పడుకున్న ఇంద్రజకి వినిపిస్తూనే ఉన్నాయి.

"బండి నువ్వు నడిపావు. ఎవరడిగినా అదే చెప్పు."

"తనకి లైసెన్సుంది నాన్నగారూ."

"లైసెన్సు సంగతి కాదు. రేపు ఊళ్ళో ప్రతివాడూ రాజుగారి కోడలు కారు గుద్దేసిందట అంటాడు. ఆ మాట నేను వినలేను. తనకీ ఇదే మంచిది."

పోలీసులకీ అదే చెప్పారు, ఇన్సూరెన్సు కంపెనీకీ అదే చెప్పారు. బాగుచేయించిన ఖర్చు వచ్చేసింది. కారు ఇంటికొచ్చింది.

ఇంట్లో ఇంద్రజని ఎవరూ ఒక్క మాట అనలేదు. చేతికి కట్టు ఉన్నన్నాళ్ళూ సూర్యావతే అన్నం కలిపి తినిపించింది. మామగారు భీమవరం వెళ్ళినప్పుడల్లా బత్తాయిలు తెచ్చేవాడు. ఒకసారి ఆమే మొదలుపెట్టబోయింది, "అత్తయ్యగారూ, ఆ రోజు నేను..." అని.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా. మర్చిపో," అంది సూర్యావతి, ముద్ద నోట్లో పెడుతూ.

తిట్టడం లేదంటే తప్పు తనదేనేమో, ఆ తప్పుని వీళ్ళంతా కలిసి కప్పిపెడుతున్నారేమో అనిపించడం మొదలైంది. కొన్నాళ్ళు అదే భయంతో నిద్రపట్టేది కాదు. తర్వాత ఆ భయం కూడా పోయింది. కట్టు విప్పాక చిటికెన వేలికి స్పర్శ సరిగ్గా రాలేదు. సూది గుచ్చినా ఎక్కడో దూరంగా తెలిసేది. మనసు కూడా అలాగే తయారైంది. వంట చేసేది, పిల్లని బడికి పంపేది, నలుగురూ నవ్వితే తనూ నవ్వేది. ఏదీ లోపలిదాకా వెళ్ళేది కాదు.

తణుకు మనిషి వెళ్ళిపోయిన సాయంత్రం విశ్వనాథరాజు లాయరు వీరబ్రహ్మాన్ని పిలిపించాడు. ఆ ఇంటి చెరువుల లీజుల దగ్గర్నుంచి పొలం గట్ల తగాదాల దాకా అన్నీ చూసేది ఆయనే.

"దెబ్బ తగలకముందు ఇంతకి పోయే బండి, ఇవాళ మూడో వంతు తక్కువకి అడుగుతున్నారండి. ఈ తగ్గిన విలువ ఎవరిస్తారు?" అన్నాడు విశ్వనాథరాజు.

"మన కంపెనీ ఇవ్వదండి. మన పాలసీలో బాగుచేయించిన ఖర్చే ఉంటుంది. విలువ తగ్గిందంటే వాళ్ళు వినరు," అన్నాడు వీరబ్రహ్మం. "గుద్దినవాడి మీద వెయ్యాలి. వ్యాను ఓనరు మీద, ఆ వ్యాను తాలూకు ఇన్సూరెన్సు మీద. గట్టి కేసేం కాదు. అడగడంలో తప్పు లేదు."

"అడుగుదాం. డబ్బు కోసం కాదండి. తప్పు వాడిది, నష్టం నాదేంటి?"

"అయితే బండి నడిపిన మనిషి గట్టిగా నిలబడాలండి. ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి, తర్వాత బోనెక్కి చెప్పాలి. మన అబ్బాయిగారే కదా."

"మావాడే," అన్నాడు విశ్వనాథరాజు.

మర్నాడు చైతన్య చెరువుల మీద నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, పెరటి వసారాలో బట్టలు మడతపెడుతున్న భార్య పక్కన కూర్చున్నాడు. చెడ్డవాడు కాదతను. తండ్రి ఎదురుగా గొంతు పెగలదు, అంతే.

"ఇంద్రజా, ఆ రోజు ఎలా జరిగిందో ఒక్కసారి చెప్పు. నేను గుర్తుపెట్టుకుంటాను."

"ఏం చెప్పమంటారండి?"

"అదే, వ్యాను ఎటునుంచి వచ్చింది, నువ్వు బ్రేకు వేశావా లేదా... లాయరుగారు అడుగుతారు కదా."

"నాకు సరిగ్గా గుర్తులేదండి," అంది ఇంద్రజ.

గుర్తులేకపోవడమేం లేదు. ట్రాక్టరు నిండా నారుకట్టలు ఉన్నాయి. వాటి మీద కూర్చున్న మనిషి తలపాగా విప్పి విదిలించుకుంటున్నాడు. వ్యాను డ్రైవరు నోరు తెరిచి ఉంది. అన్నీ గుర్తున్నాయి. కానీ అవి ఇచ్చేస్తే ఈయన పాఠంలా వల్లెవేసుకుని కోర్టులో అప్పజెప్తాడు. ఆ రోజు తాలూకు ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే.

చైతన్య లేచాడు. "సర్లే, బ్రేకు కొట్టాననే చెప్తాను. ఎవరైనా చేసేది అదే కదా. నాకు మాత్రం బాగుందా చెప్పు. నాన్నగారు అందరితో అనేశారు."

"మీ ఇష్టమండి," అంది ఆమె, చీర మడత సరిచేస్తూ.

ఆ తర్వాత రెండు మూడు రోజులకి, బడినుంచి వచ్చిన హారతి పక్కింటి దేవిశ్రీతో కలిసి కుర్చీలు వరసగా వేసి కారాట ఆడుతోంది. దేవిశ్రీ కాస్త పెద్దపిల్ల. ముందు కుర్చీలో కూర్చుని, "నేను అమ్మని. నేను కారు నడుపుతా, నువ్వు వెనక కూర్చో," అంది.

"అమ్మలకి నడపడం రాదు," అంది హారతి. "నాన్నే నడపాలి. ఆ రోజు కూడా నాన్నే నడిపారు."

ఇంద్రజ బియ్యం చేట పక్కన పెట్టి వచ్చి కూతురి ముందు కూర్చుంది.

"ఆ రోజు నువ్వు నానమ్మ ఒళ్ళో కూర్చున్నావు కదమ్మా. బండి ఎవరు నడిపారు?"

హారతి ఏ జవాబు చెప్తే సరిపోతుందోనని తల్లి మొహంలో వెతికింది. "నాన్న," అంది చివరికి, సరిగ్గా చెప్పానా అన్నట్టు చూస్తూ.

"నీకు నాన్న కనిపించారా?"

"తాతయ్య చెప్పారుగా."

ఇంద్రజ పిల్ల తల నిమిరి లేచింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చేటలో బియ్యం పూర్తిగా ఏరి, ఎసట్లో వేసింది. ఆ పని చేస్తూనే, ఇంక ఇలా కుదరదని అనుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె తనకై తాను అనుకున్న మాట అది.

ఆదివారం ఉదయం వీరబ్రహ్మం కాగితాలు తయారుచేసుకుని వచ్చాడు. ముందు వసారాలో విశ్వనాథరాజు, చైతన్య ఆయనకి ఎదురుగా కూర్చున్నారు. ఇంద్రజ గుమ్మం లోపల నిలబడింది.

"చిన్న అనుమానం బాబూ," అన్నాడు లాయరు. "బ్రేకు కొట్టానంటున్నారు. అలాగైతే బండి ముందుభాగం పోవాలి. మీ బండికి ముందు బంపరు చెక్కుచెదరలేదు. కుడి తలుపు దగ్గర్నుంచి వెనకదాకా పోయింది. అవతలి లాయరు మొదట పట్టుకునేది ఇదే. మీరు కునుకు తీశారనో, అటెటో చూస్తున్నారనో అంటాడు. తప్పు మన మీదకే తిప్పేస్తాడు."

చైతన్య కాగితాలు తన వైపు లాక్కుని తిరగేశాడు.

"ఏం జరిగిందో సరిగ్గా చెప్పరా," అన్నాడు విశ్వనాథరాజు.

"ఆయనకి తెలియదండి. ఆయన అక్కడ లేరు."

ముగ్గురూ తలెత్తారు. ఇంద్రజ గుమ్మం దాటి వసారాలోకి వచ్చేసింది.

"లోపలికెళ్ళమ్మా," అన్నాడు విశ్వనాథరాజు, నెమ్మదిగానే.

"వెళ్తానండి మావయ్యగారూ. ఒక్క మాట చెప్పి వెళ్తాను. బండి నడిపింది నేనండి."

వీరబ్రహ్మం పెన్ను మూత పెట్టేశాడు. విశ్వనాథరాజు మొహం ఎర్రబడింది.

"ఈ ఇంట్లో నిన్నెవరైనా ఒక్క మాట అన్నారా? నీ మీద ఈగ వాలకుండా చూసుకున్నాను. పరాయివాళ్ళ ముందు నన్ను ఇలా నిలబెట్టడానికా?"

"ఎవరూ ఏమీ అనలేదండి. అన్నా బాగుండేది. తప్పు నాదైతే నాదని అనాలి. కాకపోతే కాదనాలి. అసలు ఏం జరిగిందని ఈ ఇంట్లో నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నా కూతురి జ్ఞాపకంలో కూడా ఆ రోజు నేను లేనండి." వాకిట్లోకి ఎవరొచ్చారో చెప్తున్నట్టు, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది ఇంద్రజ. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

చైతన్య లేచి నిలబడ్డాడు. "నేను సంతకం పెట్టనండి నాన్నగారూ. మొదటిరోజే అనాల్సింది. ఆసుపత్రిలోనే అనాల్సింది."

"అంతా ఒకటయ్యారన్నమాట. అయితే అబద్ధం ఆడింది విశ్వనాథరాజని ఊరంతా చెప్పుకోండి," అంటూ ఆయన కండువా భుజాన వేసుకుని లేవబోయాడు.

అప్పుడు తలుపు కర్టెన్ తొలగించుకుని సూర్యావతి బయటికొచ్చింది. ఆ ఇంటికి కాపురానికొచ్చాక పరాయి మగవాళ్ళున్నప్పుడు ఆమె ఆ వసారాలో అడుగుపెట్టడం ఎవరూ చూడలేదు. కోడలి పక్కన వచ్చి నిలబడింది.

"తప్పు ఈ పిల్లది కాదండి," అంది భర్తతో. "రమ్మన్నది నేను. పక్క సీట్లో కూర్చున్నది నేను. ఎడమపక్క కాలవ నిండా నీళ్ళు. ఎదురుగా వ్యాను మా మీదికే వచ్చేస్తోంది. ఈ పిల్ల బ్రేకు కొట్టలేదు. స్టీరింగు ఎడమకి కోసి, గట్టు అంచుదాకా తీసేసింది. అందుకే వ్యాను ఈ పిల్ల కూర్చున్న వైపు రాసుకుంటూ పోయింది. సూటిగా తగిలుంటే ఒళ్ళో పిల్లని పట్టుకుని కూర్చున్న నేను..."

ఆమె ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఇంత తెలిసీ నేను నోరు మూసుకున్నాను. మీరు చెప్పమన్నట్టు చెప్పానే గానీ, అసలు తనని బయల్దేరదీసింది నేనని తెలిస్తే మీరేమంటారోనని భయం. అన్నం తినిపిస్తే సరిపోతుందనుకున్నాను."

ఇంద్రజ అత్తగారి వైపు తిరిగి చూసింది. వ్యాను మీదికొచ్చిన క్షణంలో అత్తగారు కళ్ళు మూసుకున్నారనే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. చూసిన మనిషి ఒకరున్నారని తెలియదు.

వీరబ్రహ్మం కాగితాలు సర్దుతూ, "అమ్మగారు చెప్పింది బండికి తగిలిన దెబ్బతో సరిగ్గా సరిపోతుందండి," అన్నాడు. "కాకపోతే స్టేషన్లోనూ, మన కంపెనీలోనూ ముందు చెప్పింది తప్పని మీరే వెళ్ళి చెప్పుకోవాలి. అమ్మాయిగారికి లైసెన్సుంది కాబట్టి ఇచ్చిన సొమ్ము వెనక్కి అడక్కపోవచ్చు. మాట మాత్రం పడాలి."

విశ్వనాథరాజు మెట్లు దిగి కారు దగ్గరకెళ్ళి, కుడివైపు తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

కేసు సంగతి ఇక్కడే చెప్పేయవచ్చు. అది తేలడానికి చాలా కాలం పట్టింది. ఇంద్రజ బోనెక్కి చెప్పింది, సూర్యావతి కూడా చెప్పింది. తప్పు వ్యానుదేనని తీర్పొచ్చింది. తగ్గిన విలువ కింద అడిగినంత రాలేదు, చెప్పుకోలేనంత కొద్దిగా వచ్చింది. కారు మాత్రం అమ్మలేదు. అయితే ఆ ఇంట్లో అసలు తీర్పు అంతకు ముందే, ఆ ఆదివారం వెళ్ళిన మంగళవారం వచ్చేసింది.

ఆ పొద్దున విశ్వనాథరాజు తెల్లబట్టలు కట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"పాలకొల్లు వెళ్ళాలమ్మా. ఇన్సూరెన్సు ఆఫీసులో చెప్పుకోవాలి. నువ్వు కూడా రావాలి."

"ఆయన చెరువుల మీద ఉన్నారండి. కబురు పంపనా?"

"వాడెందుకు? నువ్వు నడుపు."

సూర్యావతి కోడలి చేతిలోంచి గరిటె తీసుకుంది. ఇంద్రజ చెయ్యి తుడుచుకుని తాళాలు అందుకుంది. విశ్వనాథరాజు ముందు సీట్లో, ఎడమపక్క కూర్చున్నాడు. వీధిలో వాళ్ళు ఆగి చూశారు. ఆయన వాళ్ళని చూసి మామూలుగానే తల ఊపాడు. ఊరు దాటేవరకూ ఇంద్రజకి ఏమీ అనిపించలేదు. చేతులు వాటంతట అవే గేరు మారుస్తున్నాయి. వీరవాసరం దాటాక మాత్రం ఆమె వేగం తగ్గించింది.

"ఎక్కడ జరిగింది?" అన్నాడాయన.

"ఆ మలుపు దాటాకండి."

"ఎంతవరకు తీశావో అంతవరకు తీసి ఆపు."

ఆమె అలాగే ఎడమకి తీసి ఆపింది. విశ్వనాథరాజు తలుపు తెరిచి కాలు కింద పెట్టబోయి ఆగాడు. కాలు మోపడానికి జానెడు గట్టు ఉంది. దాని కింద కాలవ, నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. తలుపు పట్టుకుని జాగ్రత్తగా దిగాడు. ముందు చక్రం దగ్గర వంగి గట్టు అంచు చూశాడు. నీళ్ళు చూశాడు. వెనక్కి నడిచి మలుపు చూశాడు. ఈ రోడ్డున ఎన్నోసార్లు వెళ్ళాడు గానీ, ఇక్కడ దిగి నిలబడింది ఇదే మొదలు. తర్వాత కారు చుట్టూ తిరిగి, రోడ్డువైపు నుంచి ఇంద్రజ కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఇంతేనా అమ్మా నీకున్న చోటు?"

"ఇంతేనండి."

"అటు తీస్తే నీళ్ళు. తీయకపోతే..." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నిన్ను దాచి కాపాడుతున్నాననుకున్నానమ్మా. ఉన్న మనిషిని లేకుండా చేశాను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. మొదట్నుంచి చెప్పు, నేను వింటాను."

ఇంద్రజ ముందున్న రోడ్డు చూస్తూ మొదలుపెట్టింది. ట్రాక్టరు గురించి చెప్పింది. నారుకట్టల మీద కూర్చున్న మనిషి గురించి చెప్పింది. "హారతి పాట పాడుతోందండి. బళ్ళో నేర్పిన పాట. సగంలో మర్చిపోయి, అమ్మా తర్వాతేంటి అని నన్నడిగింది. నేను చెప్పేలోపే..."

ఆసుపత్రిలో రాని ఏడుపు, ఇన్ని నెలల్లో ఒక్కసారైనా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. విశ్వనాథరాజు కిటికీలోంచి చెయ్యి చాపి కోడలి తల మీద పెట్టాడు. ఆయన కళ్ళలోంచి కూడా నీళ్ళు జారుతున్నాయి. వెనక బస్సొకటి హారను కొట్టింది. పక్కనుంచి పొమ్మని ఆయన రెండో చేత్తో సైగ చేశాడు గానీ, అక్కడ్నుంచి కదల్లేదు.

కాసేపటికి ఇంద్రజ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"ఇంకా ఉందండి మావయ్యగారూ," అంది.

"చెప్పమ్మా," అన్నాడాయన, రోడ్డు మీద అలాగే నిలబడి.